మిర్గం నాటికి

మే నెలలో మా ఇంట్లో ఎవరు ఏ పని ఎత్తుకున్నా దానికి గడువు ఒకటే: మిర్గం నాటికి. ఇంటిమీద గూనపెంకలు సర్దాలంటే మిర్గం నాటికి. పెంటకుప్ప చెలకలోకి చేరాలంటే మిర్గం నాటికి. కట్టెలు కొట్టంలో పడాలన్నా, మామిడికాయ తొక్కు జాడీలకెక్కాలన్నా, నాగలి కర్రు కమ్మరి కొలిమికి పోవాలన్నా అదే మాట. ఎండాకాలం సెలవులకని పిల్లల్ని తీసుకుని వచ్చిన మా మేనత్తకు కూడా అదే గడువు. "మిర్గం లోపల నన్ను తోలియ్యి తమ్మీ, మీ బావ ఒక్కడే అరక కట్టుకోలేడు" అని మా బాపుతో అనేది.

పంచాంగంలో దాన్ని మృగశిర కార్తె అంటారు. మా జనగామ దిక్కు ఊళ్లలో మిర్గం. జూన్ 8, ఒక్కో ఏడు జూన్ 7. చిన్నప్పుడు నాకు ఈ పండుగ అంటే ప్రత్యేకమైన ఇష్టం ఉండేది, ఎందుకంటే దీని తేదీ ముందే తెలిసేది. ఉగాది ఎప్పుడో, బతుకమ్మ ఎప్పుడో, ఏరువాక పున్నమి ఎప్పుడో పంతులుగారు చెప్పాలి, లేదా గోడమీది వెంకట్రామా క్యాలెండరు తిప్పాలి. అవన్నీ చంద్రుడి వెంట తిరుగుతాయి. కార్తెలు సూర్యుడివి. 27 నక్షత్రాలకు 27 కార్తెలు, ఒక్కోదాంట్లో సూర్యుడు పదమూడు పద్నాలుగు రోజులుంటాడు. అందుకే ఇంగ్లిషు తేదీలతో వాటికి పొత్తు కుదిరింది. ఆ పొత్తు కూడా పూర్తిగా గట్టిది కాదు. డెబ్బై ఏళ్లకో రోజు చొప్పున కార్తె ఆలస్యంగా వస్తుంది. అంటే మా ముత్తాత మిర్గం మాకంటే ఒకటి రెండు రోజులు ముందే చేసుకుని ఉంటాడు. ఆయనకు జూన్ అనే నెల ఉందని తెలుసో లేదో మరి.

మిర్గానికి ముందు రోహిణి. మే 25 నుంచి. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న సామెత పిల్లలకు నేర్పాల్సిన పనిలేదు, అరికాళ్లకు తెలుస్తుంది. ఆ పగిలే ఎండలోనే మా ఇంట్లో ఏడాది మొత్తంలో ఎక్కువ పని జరిగేది. ఇప్పుడు తలచుకుంటే ఎవరు పెట్టారో గానీ ఆ ఏర్పాటు భలే ఉంటుంది. ఎవరూ బయట తిరగలేని పదిహేను రోజుల్లోనే అన్ని పనులూ పెట్టారు. వాన ఎదురుగా ఉందన్న భయం లేకపోతే ఆ ఎండలో నిచ్చెన ఎక్కే మనిషి ఎవరు?

నిచ్చెన ఎక్కేది మా బాపు. గూనపెంకల ఇల్లు చూడనివాళ్లకు ఈ పని చెప్పడం కష్టం. ఒక వరుస బోర్లా, ఒక వరుస వెల్లకిలా, ఒకదానిమీద ఒకటి కప్పుకుని ఉంటాయి. ఏడాదంతా కోతులు వాటిమీద పరుగులు పెడతాయి, పిల్లులు పోట్లాడుకుంటాయి, చింతచెట్టు ఆకు రాలి సందుల్లో ఇరుక్కుంటుంది. ఒక్క పెంక పక్కకు జరిగితే చాలు, వానకాలంలో సరిగ్గా వడ్ల గుమ్మి మీదే కారుతుంది. అందుకని వరుస వెంట వరుస విప్పడం, చెత్త ఊడ్చడం, పగిలినవి తీసి కొత్తవి వేయడం. మేము కింద వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ పెంకలు అందించేవాళ్లం. తేళ్లు వచ్చేవి. "చెయ్యి పెట్టే ముందు కట్టెతోని తట్టాలె" అని బాపు పైనుంచి అరిచేవాడు. పెంకలు తీసినచోట ఇంట్లోకి ఎండ పడేది. ఎన్నడూ వెలుగు చూడని మూలల్లో, దేవుడి గూటి పక్కన, ఉట్టి కింద, ఒక్క పూట ఎండ. మా నాయినమ్మ ఆ ఎండలోనే బొంతలు పరిచేది, ఇంట్లోనే ఎండ దొరికిందని సంబరపడేది.

తొక్కు సంగతి తొందరగా చెప్పేస్తాను, అది అందరి ఇళ్లలోనూ ఉన్నదే. ఒక్క విషయం తప్ప. మిర్గం చినుకు పడితే మామిడికాయలో పురుగు పడుతుందని మా దిక్కు గట్టి నమ్మకం. అది ఉత్త నమ్మకం కూడా కాదు, వానలు మొదలయ్యాక పండుఈగ ఉధృతి పెరుగుతుంది. కాబట్టి కాయ, ఉప్పు, కారం, నూనె అన్నీ రోహిణిలోనే ముగిసేవి. జూన్ 8 తరువాత వచ్చిన మామిడిపండు ఎంత తీపిదైనా మా నాయినమ్మ కోసి, వెలుతురుకు పెట్టి చూసి గాని మాకు ఇచ్చేది కాదు.

ఇక చెరువు. మిర్గం అంటే చేపలు, చేపలంటే చెరువు.

మే చివరికి మా ఊరి చెరువు తూము దగ్గర ఒక మడుగుగా మిగిలేది. మిగతా శిఖమంతా నెర్రెలు బాసి, ఎండిన తుంగతో, మేకలు తిరుగుతూ ఉండేది. ఏడాదంతా చెరువులో పెరిగిన చేప మొత్తం ఆ ఒక్క మడుగులో గుమిగూడేది. ముందు హక్కు మత్స్య సంఘానిది. వాళ్లు రెండు మూడు రోజులు వలలు లాగి బొచ్చెలు, రవ్వులు, పెద్ద కొర్రమట్టలు (కొర్రమీన్లు) పట్టి జనగామ అంగడికి పంపేవాళ్లు. ఊరివాళ్లకు కట్టమీద కుప్పలు పోసి అమ్మేవాళ్లు. తూకం తరువాత వచ్చింది. మొదట్లో కుప్పకింత అనే లెక్క. పెద్దకుప్ప, చిన్నకుప్ప, పరకల కుప్ప. ఎవరి తాహతుకు తగ్గది వాళ్లకు. కుప్పలో ఒక పెద్ద చేప, రెండు నడిమివి, అడుగున గుప్పెడు పరకలు ఉండేట్టు సర్దడం ఒక నేర్పు. మా ఇంటికి ఎప్పుడూ కుప్ప పోసే పెద్దమనిషిని నేను తాతా అనేవాణ్ణి. "మీ బాపుకు జెల్ల ఇష్టం, ఇంకోటెయ్యనా?" అని అడిగి వేసేవాడు.

సంఘం వాళ్ల వలలు అయిపోయాక, "ఇగ లూటీ" అని ఎవరో అనేవాళ్లు. అంతే. కట్టమీద ఉన్న ఊరంతా బురదలో ఉండేది. ఊతలు, పాత చీరలు, దోమతెరలు, ఉత్త చేతులు, ఎవరికి ఏది దొరికితే అది. నడుం లోతు నీళ్లు కాసేపటికి కలతబారి మోకాలి లోతు బురదగా మారేవి. ఆ బురదలో చివరిదాకా బతికి ఉండేది కొర్రమట్టే, ఎందుకంటే దానికి నీళ్లపైకి తల ఎత్తి గాలి పీల్చుకునే అమరిక ఉంది. మిగతా చేపలు తేలిపోయినా అది అడుగున దాక్కుని ఉంటుంది. దొరికిందనుకుంటే జారిపోతుంది. తోక పట్టుకుంటే చెంపమీద కొట్టినట్టు కొట్టి పోతుంది. మొప్పల దగ్గర బొటనవేలు పెట్టి నొక్కి పట్టాలి. ఆ కిటుకు మా చిన్నాయినది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మంట పొద్దుగూకినా తగ్గదు, దానికి మందు పక్కన ఉన్నవాడి నవ్వు తప్ప ఏమీ ఉండదు. లూటీలో కులాలు, మర్యాదలు, ఎడమొహాలు ఏమీ కనిపించేవి కావు. ఒక మొహాన్ని ఇంకో మొహం గుర్తుపట్టలేనంత బురద. మర్నాటికి మళ్లీ ఎవరి వాడ వాళ్లదే, అది వేరే సంగతి. దాన్ని నేను సత్తెకాలం అని రాస్తే అబద్ధమవుతుంది.

చేప తోమడం ఆడవాళ్ల పని, మా ఇంట్లోనూ అంతే. పెరట్లో బండమీద బూడిద వేసి రాకి, పొలుసు పోయేదాకా, జిగురు పోయేదాకా. కాకులు, పిల్లులు, మేము చుట్టూ. ఉప్పు పసుపు పట్టించి పక్కన పెట్టేది అమ్మ. ఉల్లిగడ్డలు నిప్పుల్లో పెట్టి కాల్చి, ఎల్లిపాయ, ధనియాలు, ఎండుకొబ్బరితో కలిపి రోట్లో నూరేది నాయినమ్మ. చింతపండు పులుసు అటికలో మరిగాక ముక్కలు వేసేవాళ్లు. వేశాక గంటె పెట్టకూడదు. అటికను రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి తిప్పడమే. చివర్లో మెంతిపొడి. ఆ వాసన వాడకట్టులో ప్రతి ఇంట్లోనూ ఒకే పూట లేచేది. ఏడాదిలో ఇంకే రోజూ ఊరంతా ఒకే కూర వండుకునేది కాదు. దసరాకు కూడా మేక కొందరికి, కోడి కొందరికి. మిర్గం నాడు చేపే. కొనలేనివాళ్లు ఎండు పరకలైనా ఒక గుప్పెడు తెచ్చి పులుసులో వేసేవాళ్లు. "నాలుక్కు తాకాలె" అనేది నాయినమ్మ, "తాకితే సాలు."

చేపలు ముట్టని ఇళ్లవాళ్లు ఇంగువ బెల్లంలో ముద్దచేసి మింగేవాళ్లు. మా బడి పంతులుగారింట్లో ఆ ఉండ నాకూ పెట్టారొకసారి. ఇంటికొచ్చి చేపలు తిన్నాను. రెండు పక్షాల రక్షణా నాకే దక్కిందని ఆ ఏడాదంతా ధీమాగా తిరిగాను.

ఎందుకు తినాలి అంటే పెద్దవాళ్లు చెప్పే జవాబు: ఎండ పోయి సల్లదనం వచ్చే సంధి, ఒంట్లో వేడి ఉండాలి, దమ్ము రాకుండా ఉంటుంది. నా లెక్క వేరే. చెరువు అడుగంటిన రోజు, చేప సులభంగా దొరికే రోజు, వాన పడితే ఇక దొరకని రోజు. తొలి వరదకు చేపలు ఎదురెక్కి గుడ్లు పెడతాయి, ఆ తరువాత మత్తడి పడేదాకా చెరువు నిండుతూనే ఉంటుంది, వలకు అందదు. పైగా రేపటినుంచి మనుషులు నాగలి వెంట నడవాలి. ఆ ముందురోజు కడుపునిండా చేప తినమని చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు. ఇలా అంటే మా అమ్మ ఒప్పుకోదు. "నీ లెక్కలు నీకాడ పెట్టుకో, తిన్నవా లేదా?" అంటుంది.

దమ్ము మాట వచ్చింది కనక మా చిన్నాయిన సంగతి చెప్పాలి. ఆయనకు ఉబ్బసం. మిర్గానికి ఊరంతా చెరువుకు పోతే ఆయన జనగామలో రైలెక్కి హైదరాబాద్ పోయేవాడు, బత్తిని సోదరుల చేపమందు కోసం. 1845 నుంచి ఆ కుటుంబం ఉచితంగా ఇస్తోందని చెబుతారు. మొదట పాతబస్తీ దూద్‌బౌలిలోని వాళ్ల ఇంటి దగ్గర ఇచ్చేవాళ్లు, జనం పెరిగాక నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. నన్ను ఒకసారి తోడు తీసుకుపోయాడు. ముందురోజు రాత్రే వరుసలో కూర్చున్నాం. మన భాష కాని భాషలు ఎన్ని వినిపించాయో. ఉత్తరాది నుంచి ట్రంకుపెట్టెలతో, మూటలతో, పసిపిల్లలతో వచ్చినవాళ్లు. మా ఊళ్లో లూటీకి దిగిన జనమే జనం అనుకున్నవాణ్ణి, ఆ రాత్రి నోరెళ్లబెట్టాను. పొద్దున వంతు వచ్చింది. వేలెడంత కొర్రమీను పిల్ల, బతికున్నది, దాని నోట్లో పసుపుపచ్చ ముద్ద. చిన్నాయిన తల పైకెత్తి నోరు తెరిచాడు, లోపలికి తోశారు, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయిపోయింది. చేపలు మింగనివాళ్లకు బెల్లంలో ఇస్తారు.

దాన్ని మందు అనడానికి ఆధారం లేదని జనవిజ్ఞాన వేదిక అనే సైన్సు ప్రచార సంఘం వాళ్లు ఎన్నో ఏళ్లుగా అంటున్నారు, కోర్టుల దాకా వెళ్లారు. ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు. నాకూ వాళ్ల వాదనే సబబనిపిస్తుంది. చిన్నాయిన మాత్రం పత్యం పాటించాడు, మళ్లీ మళ్లీ వెళ్లాడు, డాక్టరిచ్చిన ఇన్‌హేలరూ మానలేదు. "ఏది పనిజేత్తాందో నాకెందుకు, ఊపిరాడుతాంది గద" అనేవాడు. కరోనాతో 2020 నుంచి మూడేళ్లు ఆ కార్యక్రమం ఆగిపోయింది, 2023 జూన్‌లో మళ్లీ మొదలైంది. ఆ వార్త టీవీలో చూసేనాటికి చిన్నాయిన లేడు.

మిర్గం నాడు వాన పడేదా? పిల్లలుగా మేం పడుతుందనే అనుకునేవాళ్లం. సాయంత్రానికి మొగులు చేసేది, గాలిదుమారం లేచేది, నాలుగు చినుకులు పడి మట్టివాసన లేచేది. అవి ఎండాకాలపు వానలో, మిర్గం వానలో ఎవరు తేల్చారు? నైరుతి రుతుపవనాలు కేరళను తాకే సాధారణ తేదీ జూన్ 1, అక్కణ్నించి మనదాకా రావడానికి వారం పైన. లెక్క ప్రకారం సరిగ్గా మిర్గానికి రావాలి. కానీ 2023లో జూన్ 8న రుతుపవనాలు కేరళలోనే అడుగుపెట్టాయి, మన దగ్గరికి వచ్చేసరికి మిర్గం పూర్తిగా పోయింది. 2025లో మే 24నే కేరళకు వచ్చి, రోహిణి సగం కాకుండానే తెలంగాణను కమ్మేశాయి. 2009లో మే 23న తొందరపడి వచ్చినవి, తరువాత మొహం చాటేసి దేశమంతా కరువు తెచ్చాయి. అంటే తేదీ వానకు కట్టుబడి లేదు, వాన తేదీకి కట్టుబడి లేదు.

మా బాపుకు ఈ సంగతి టీవీలు చెప్పకముందే తెలుసు. మిర్గం నాడు ఎడ్లకు కొత్త పగ్గం కట్టేవాడు, గొర్రును దింపి చూసుకునేవాడు, విత్తనం పెసర, జొన్న చాటలో పోసి నాయినమ్మతో ఎంచించేవాడు. విత్తేవాడు మాత్రం కాదు. మొదటి వానకు ఆగేవాడు, రెండో వానకు చెలకలో కట్టెతో గుచ్చి పదును ఎంత లోతుందో చూసేవాడు. పక్కవాడు విత్తేశాడని అమ్మ తొందరపెట్టినా కదిలేవాడు కాదు. 60 మిల్లీమీటర్లకు తగ్గకుండా వాన పడ్డాకే పత్తి విత్తండి అని ఇప్పుడు వ్యవసాయాధికారులు చెప్పేది అదే మాట. మిర్గం అంటే విత్తమని కాదు, విత్తడానికి సిద్ధంగా ఉండమని. వాన ఎప్పుడొస్తుందో మనచేతిలో లేదు గనక, మనచేతిలో ఉన్నవన్నీ ఆ రోజుకు పూర్తి కావాలి. ఆ తేదీకి మా ఇంట్లో ఉన్న విలువంతా అదేనని నాకిప్పుడు అనిపిస్తుంది. అది వానది కాదు, మా పనులది.

ఇప్పుడు ఊళ్లో మాది స్లాబు ఇల్లు. సర్దాల్సిన పెంకలు లేవు. వంట గ్యాసు మీద. అరక లేదు, ట్రాక్టరుకు ఫోన్ చేస్తే వస్తుంది. పత్తి కొందరు రోహిణిలోనే పొడి దుక్కిలో వేసేస్తారు. చెరువుకు గోదావరి నుంచి ఎత్తిపోసే దేవాదుల నీళ్లు వచ్చాక మే నెలలో కూడా అలలు కొడుతోంది. చెరువు ఎండదు, మడుగు కాదు, లూటీ లేదు. దీనిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నీళ్లు లేక బావులమీద బావులు తవ్విన ఊరు మాది. బురదలో చేపలు పట్టిన సరదా కోసం ఎండిన చెరువును కోరుకునేవాడెవడైనా ఉంటే వాడు వ్యవసాయం చేసినవాడు కాదు.

పనులన్నీ పోయి చేప ఒక్కటే మిగిలింది. హైదరాబాద్‌లో జూన్ 8న రాంనగర్ చేపల మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్తే స్కూటరు పెట్టడానికి చోటుండదు. కైకలూరు, భీమవరం నుంచి మంచు పెట్టెల్లో వచ్చిన చేప. కొర్రమీను ధర ఆ ఒక్కరోజు ఎవరి నోటికి వచ్చినంత వాళ్లు చెబుతారు, రాష్ట్ర చేప కదా, ఆ మాత్రం బెట్టు ఉండాలి. బేరం ఆడేవాళ్లు ఉండరు. కోసేవాళ్ల దగ్గర ఇంకో వరుస. ఆ వరుసలో నా ముందు నిలబడ్డ కుర్రాడు ఒకసారి ఫోన్‌లో అడుగుతున్నాడు, "అమ్మా, ఇయ్యాల తప్పకుండ తినాల్నా, ఆదివారం తింటే నడుస్తదా?" అవతలినుంచి ఏం జవాబొచ్చిందో గానీ వరుసలోంచి కదలలేదు.

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఎండలు జూన్‌లో పోవు, అప్పుడే ముదురుతాయి, ఆగస్టు దాకా దంచుతాయి. మిర్గానికి అక్కడ చేసే పనేమీ లేదు. అయినా మా అక్క వారం ముందునుంచే ఫోన్లు మొదలుపెడుతుంది. పోయిన ఏడు వాడు జూన్ 8న ఫోటో పంపాడు, ఓవెన్‌లో కాల్చిన తెల్లటి ముక్క, పక్కన నిమ్మచెక్క. తిలాపియా అట. అక్క ఫోటోను పెద్దది చేసి చూసింది, కళ్లద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూసింది, వెంటనే ఫోన్ చేసింది.

"గిది చేపేనారా? ముండ్లేవి?"

"ముండ్లు తీసే అమ్ముతరమ్మా ఈడ."

"పులుసేది?"

"ఆఫీసుంది అమ్మా, పొద్దుందాకా మీటింగులే."

అక్క కాసేపు ఆలోచించింది. "సరే, తిన్నవు గద. ఇంత చింతపండు కలుపుకొని ఇంకో బుక్క తిను" అని, ఫోన్ నాకిచ్చి, పొయ్యిమీది అటిక తిప్పడానికి లోపలికి వెళ్లింది.